రసాయన శబ్దార్థం – గృహకల్పనలు : ఒక పరిశీలన

సంస్కృతం నుండి తెలుగులోనికి వచ్చిన తత్సమ పదాలలో రూపం మారకుండా అర్థం మాత్రం మారినవి చాలా కలవు. 'రసాయనం' అట్టి పదమే. నేటి తెలుగులో ఈ పదం వినగానే ప్రయోగశాల, ఎరువు, క్రిమిసంహారక ద్రవ్యం స్ఫురిస్తాయి. ఆయుర్వేద పరిభాషలో ఇది శరీరధాతువులను పోషించి ఆయుర్బలాలను నిలిపే విధానానికి పేరు. 'రసాయనాలు లేని మూలికల పొడి' అని ప్రకటించే వ్యాపారి, ఆ పొడికి శాస్త్రం ఇవ్వగలిగిన అత్యున్నత బిరుదును తెలియకయే తొలగిస్తున్నాడు. ఈ విరోధం చూడడానికి వినోదంగా ఉన్నా, దీని వెనుక గంభీరమైన విషయం కలదు.

2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు తెలుగునాట ఇంటింటా శొంఠి, మిరియాలు, తులసి, తిప్పతీగలతో కషాయాలు కాచుకొన్నారు. సంహితలలోని మాటలు, నిఘంటువులలోని పేర్లు, మానపరిభాషలు ఒక్కసారిగా వంటింటిలోనికి ప్రవేశించినవి. వైద్యుడు అందుబాటులో లేనిచోట సంస్కృతం చదివిన అధ్యాపకుని వద్దకే జనం ఒక శ్లోకం పట్టుకొని అర్థం అడగడానికి వస్తారు. అపుడాయన చెప్పే అర్థం కాగితం మీద నిలిచిపోయేది కాదు. అది ఒక మనిషి కడుపులోనికి పోతుంది. అందువలన రసాయనం, వ్యాధిక్షమత్వం, కషాయం అనే మూడు పదాల నిర్ణయం, వాటిని అనుసరించి మాన విచారం, నామ విచారం ఇక్కడ పరిశీలించదగినవి.

1. రసాయనం

చరకసంహిత చికిత్సాస్థానంలో మొదటి అధ్యాయమే రసాయనాధ్యాయం. ఇందు అభయామలకీయం, ప్రాణకామీయం, కరప్రచితీయం, ఆయుర్వేదసముత్థానీయం అని నాలుగు పాదాలు కలవు. గ్రంథకర్త ముందుగా ఔషధాన్ని రెండు తెగలు చేసినాడు. ఆరోగ్యవంతునికి ఓజస్సును కలిగించేది ఒకటి, రోగికి రోగం పోగొట్టేది రెండవది. రసాయన వాజీకరణాలు ప్రధానంగా మొదటి తెగకు చెందినవి. రసాది ధాతువులు ప్రశస్తంగా లభించడానికి గల ఉపాయమే రసాయనమని ఆయన నిర్వచనం. 'రస' శబ్దం ఇక్కడ పాదరసాన్ని గానీ, షడ్రసాలను గానీ చెప్పదు. అన్నపరిణామం వలన ఏర్పడే తొలి ధాతువును చెబుతుంది. 'అయనం' అనగా మార్గం. కనుక రసాయనం ఒక వస్తువు పేరు కాదు, ఒక మార్గం పేరు.

ఈ మార్గం రెండు విధాలు. ప్రత్యేకంగా కట్టిన కుటిలో ఉండి నియమంతో చేసేది కుటీప్రావేశికం. గాలిలో, ఎండలో తిరుగుతూ తన పనులు తాను చేసుకొంటూ సేవించేది వాతాతపికం. మొదటిది సమర్థులకు, తీరిక గలవారికి, పరిచారకులూ సాధనసంపత్తీ ఉన్నవారికి మాత్రమే చెప్పబడింది. గృహస్థుడు ఇంటిలో చేసుకొనేదంతా రెండవ తెగలోనిదే. అయితే రెండింటికీ ముందుగా శరీరశోధనం అవసరమని సంహిత శాసిస్తున్నది. మలినవస్త్రానికి రంగు పట్టనట్లు శోధన లేని దేహంలో రసాయనం పనిచేయదని ప్రాచీనుల ఆశయం.

నాల్గవ పాదంలో చెప్పిన ఆచారరసాయనం మరింత గమనింపదగినది. సత్యం పలకడం, కోపం విడవడం, మద్యానికి దూరంగా ఉండడం, నిద్ర జాగరణలలో సమత, నిత్యం పాలు నేయి సేవించడం, పెద్దలను సేవించడం మొదలైన గుణాలు గలవానికి ఏ మందూ లేకుండానే రసాయనఫలం కలుగుతుందని సంహిత చెబుతున్నది. మూలికలే రసాయనమనే లోకప్రతీతిని మూలగ్రంథమే ఈ విధంగా సవరించినది.

2. వ్యాధిక్షమత్వం

నేడు 'రోగనిరోధక శక్తి' అని వ్యవహరించే భావానికి సమానంగా చరకంలోని 'వ్యాధిక్షమత్వం' అనే పదాన్ని ఉదాహరించడం పరిపాటి. ఈ పదం సూత్రస్థానం ఇరవై ఎనిమిదవ అధ్యాయంలో వస్తుంది. అపథ్యం సేవించిన వారందరికీ వెంటనే రోగం ఎందుకు రాదు అనే ప్రశ్నకు సమాధానంగా, అన్ని శరీరాలూ వ్యాధిని ఓర్చుకోవడంలో సమానం కావని అక్కడ చెప్పబడింది. అతిస్థూలులు, అతికృశులు, మాంసరక్తాస్థులు సరిగా కూడనివారు, దుర్బలులు, అహితాహారంతో పెరిగినవారు, అల్పాహారులు, అల్పసత్త్వులు వ్యాధిని సహించలేనివారని పట్టిక ఇవ్వబడింది. పదకొండవ శతాబ్దికి చెందిన వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు దీనిని రెండుగా విడదీసినాడు. పుట్టిన వ్యాధి బలాన్ని ఎదిరించడం ఒకటి, వ్యాధి పుట్టకుండా అడ్డుకోవడం రెండవది.

ఈ సందర్భాన్ని పరిశీలిస్తే 'క్షమ' శబ్దంలోని ఓర్పు అనే అర్థం స్పష్టమవుతుంది. అది దేహం యొక్క సమగ్రస్థితిని చెప్పే మాట. సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో బలం సహజం, కాలజం, యుక్తికృతం అని మూడు విధాలుగా విభజింపబడింది. పుట్టుకతో వచ్చేది సహజం. ఋతువును, వయస్సును అనుసరించేది కాలజం. ఆహారం చేతనూ చేష్ట చేతనూ సంపాదించుకొనేది యుక్తికృతం. ఇంటిలో చేసుకొనే బలవర్ధకానికి ఈ మూడవదానిలో మాత్రమే చోటు కలదు. అందులోనూ అది ఒక భాగం మాత్రమే.

ఆధునిక వైద్యం చెప్పే రోగనిరోధక వ్యవస్థ ఒక్క శక్తి కాదు. అనేక కణాలు, ప్రతిరక్షకాలు పరస్పరం అదుపులో ఉండి పనిచేసే ఏర్పాటు అది. దానిని 'పెంచడం' ఎల్లప్పుడూ మేలు కాదు. ఆ వ్యవస్థ తన దేహకణాల మీదనే తిరుగబడే వ్యాధులు కలవు. వ్యాధిక్షమత్వాన్ని రోగనిరోధక శక్తిగా అనువదించి, ఆపైన రసాయనాన్ని ఆ శక్తిని పెంచే మందుగా అనువదిస్తే, రెండు అనువాదాలు కలిసి మూలంలో లేని ఒక వాగ్దానాన్ని సృష్టిస్తాయి. టీకా వలన కలిగే రక్షణకు కషాయం ప్రత్యామ్నాయమనే భ్రాంతి అటువంటి వాగ్దానం నుండి పుట్టినదే.

3. కషాయం

'కషాయ' శబ్దానికి శాస్త్రంలో రెండు ప్రధానార్థాలు కలవు. షడ్రసాలలో వగరుకు అది పేరు. సూత్రస్థానం నాల్గవ అధ్యాయంలో అది ఔషధకల్పనకు సామాన్యనామం. అక్కడ స్వరసం, కల్కం, శృతం, శీతం, ఫాంటం అని అయిదు కషాయాలు పరిగణింపబడినవి. లవణం తప్ప మిగిలిన అయిదు రసాలే ఈ కల్పనలకు ఆధారమని కూడ అక్కడనే చెప్పబడింది. తెలుగులో మాత్రం కషాయమనగా కాచినది మాత్రమే. అనగా అయిదింటిలో ఒకటైన శృతం. సామాన్యనామం విశేషానికి కుదించుకొనిపోయినది. అర్థసంకోచానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ అయిదింటి లక్షణాలను శార్ఙ్గధరసంహిత మధ్యమఖండం అధ్యాయక్రమంలో వివరించినది. పచ్చిమూలికను దంచి గుడ్డలో పిండిన రసం స్వరసం. తడిగా నూరిన ముద్ద కల్కం. నీటితో కాచి మరగించినది క్వాథం. చరకుని శృతం ఇదే. రాత్రి చల్లని నీటిలో నానవేసి ఉదయం వడకట్టినది హిమం. ఇది చరకుని శీతం. మరిగిన నీటిని పొడి మీద పోసి కొంతసేపటికి వడకట్టినది ఫాంటం. వీటిలో ముందు చెప్పినది తరువాతిదానికంటె బలవత్తరం. కనుక స్వరసం అన్నింటిలో గురువు, ఫాంటం అన్నింటిలో లఘువు. రోగ బలాన్ని, రోగి బలాన్ని చూడకుండ అందరికీ ఒకే కల్పన ఇవ్వరాదని చరకుని హెచ్చరిక.

మూడవ పాదంలోని మేధ్యరసాయన ప్రకరణం ఈ వివేకానికి చక్కని నిదర్శనం. మండూకపర్ణిని స్వరసంగా, అతిమధురాన్ని పాలతో చూర్ణంగా, తిప్పతీగను రసంగా, శంఖపుష్పిని కల్కంగా వాడవలెనని ఒక్క శ్లోకంలో నాలుగు ద్రవ్యాలకు నాలుగు సంస్కారాలు చెప్పబడినవి. ద్రవ్యం పేరు ఎంత ముఖ్యమో కల్పన పేరు కూడ అంతే ముఖ్యమని దీనివలన తేలుతున్నది. నాలుగింటినీ కలిపి ఒకే గిన్నెలో కాచడం ఈ శ్లోకానికి అనువర్తనం కాదు.

తెలుగువారి వంటింటిలో ఈ కల్పనలన్నీ పేర్లు తెలియకయే నిలిచి ఉన్నవి. రాత్రి ధనియాలు నానవేసి ఉదయం పంచదారతో త్రాగించడం శార్ఙ్గధరుడు చెప్పిన ధాన్యకహిమమే. బాలింతలకు శొంఠి, పిప్పళ్లు, మిరియాలు మొదలైనవాటిని బెల్లంతో, నేతితో ఉడికించి పెట్టే 'కాయం' అవలేహజాతికి చెందినది. బెల్లం తీగపాకం వచ్చినదో లేదో చూసే గృహిణి, లేహపాక లక్షణాలలో మొదటిదైన తంతుమత్త్వాన్నే పరీక్షిస్తున్నది. నీటిలో వేస్తే మునగడం, వ్రేలితో నొక్కితే ముద్ర పడడం అనే తక్కిన లక్షణాలు కూడ వంటింట పరిచితమైనవే.

4. మానవిచారం

గృహకల్పనలలో దోషం ఎక్కువగా కలిగేది మానం వద్ద. నాలుగు కర్షలు ఒక పలం, నాలుగు పలాలు ఒక కుడవం, నాలుగు కుడవాలు ఒక ప్రస్థం, నాలుగు ప్రస్థాలు ఒక ఆఢకం, నాలుగు ఆఢకాలు ఒక ద్రోణం. భారత ఆయుర్వేద యోగసంగ్రహం కర్షను 12 గ్రాములుగా నిర్ణయించినది. దానిని అనుసరించి పలం 48 గ్రాములు, ప్రస్థం 768 గ్రాములు, ద్రోణం 12.288 కిలోలు అవుతాయి. మాగధమానం, కాళిఙ్గమానం అని రెండు సంప్రదాయాలుండడం, ప్రస్థాది మానాలలో ద్రవాలకు, పచ్చి ద్రవ్యాలకు రెట్టింపు గ్రహించవలెననే పరిభాష ఉండడం ఇక్కడ మరువరానివి. తిప్పతీగ, అడ్డసరం, పిల్లిపీచర, అశ్వగంధ మొదలైనవాటిని పచ్చివిగానే గ్రహించవలెననీ, వాటికి ఈ రెట్టింపు లేదనీ శార్ఙ్గధరుడు ప్రత్యేకంగా చెప్పినాడు.

క్వాథానికి ఒక పలం ద్రవ్యాన్ని పదహారు రెట్ల నీటిలో వేసి ఎనిమిదవ వంతు మిగులునట్లు మట్టిపాత్రలో కాచవలెను. అనగా 48 గ్రాములకు 768 మిల్లీలీటర్లు పోసి 96 మిల్లీలీటర్లకు దింపవలెను. ఫాంటానికి ఒక పలానికి ఒక కుడవం, అనగా 192 మిల్లీలీటర్ల మరిగిన నీరు. హిమానికి ఆరు పలాలు, అనగా 288 మిల్లీలీటర్లు.

2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ సూచించిన 'ఆయుష్ క్వాథ'ను ఈ కొలతలతో పోల్చడం ఉపయోగకరం. తులసి నాలుగు భాగాలు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక భాగం చొప్పున కలిపిన పొడిని 3 గ్రాముల వంతున 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో, దినానికి ఒకటి రెండుసార్లు తేనీటివలె సేవించవలెనని ఆ సూచన. పేరు క్వాథమే అయినా కల్పన ఫాంటం. ద్రవ్యానికి నీరు యాభై రెట్లు. కనుక శాస్త్రోక్త ఫాంటంకంటె కూడ ఎంతో పలుచన. పేరును మాత్రమే పట్టుకొని, అదే మిశ్రమాన్ని గుప్పెళ్లతో వేసి ఎనిమిదవ వంతుకు మరగించి పలుమార్లు త్రాగిన ఇంట కడుపులో మంట, నోటిపూత కలిగితే ఆ దోషం మూలికది కాదు, క్వాథ ఫాంటాల భేదం తెలియకపోవడానిది.

5. చ్యవనప్రాశం

రసాయనాలలో లోకప్రసిద్ధమైనది చ్యవనప్రాశం. అభయామలకీయ పాదంలోని పాఠం ప్రకారం అయిదువందల ఉసిరికాయలను, దశమూలాదులైన ద్రవ్యాలను ఒక్కొక్క పలం చొప్పున ద్రోణం నీటిలో ఉడికించి, గింజలు తీసిన ఉసిరిగుజ్జును పన్నెండు పలాల తైలఘృతాలలో వేయించవలెను. వడకట్టిన కషాయాన్ని, అర్ధతుల, అనగా ఏబది పలాల మత్స్యండికను చేర్చి లేహపాకానికి తేవలెను. చల్లారిన తరువాత ఆరు పలాల తేనె, నాలుగు పలాల తుగాక్షీరి, రెండు పలాల పిప్పళ్లు, త్వక్కు ఏలకి పత్రం నాగకేసరం కలిసి ఒక పలం కలపవలెను. ఇంటి అవసరానికి పదవ వంతు చేసుకొంటే ఏబది ఉసిరికాయలు, సుమారు 58 గ్రాముల నేయి నూనెలు, 240 గ్రాముల మత్స్యండిక, 29 గ్రాముల తేనె, 19 గ్రాముల తుగాక్షీరి, 10 గ్రాముల పిప్పలి, 5 గ్రాముల సుగంధద్రవ్యాలు అవుతాయి.

ఈ పాఠంలో నాలుగు చోట్ల విచారణ అవసరం. మొదటిది, ఉసిరి లెక్కతో చెప్పబడింది, తూకంతో కాదు. నేటి అంటురకాల కాయ అడవి ఉసిరికంటె ఎన్నో రెట్లు పెద్దది. లెక్కను పాటిస్తే నిష్పత్తి చెడుతుంది. రెండవది, మత్స్యండిక బెల్లానికీ కండచక్కెరకూ నడిమి దశకు చెందినది. శుద్ధిచేసిన పంచదార దానికి సమానం కాదు. మూడవది, తుగాక్షీరిని వెదురుప్పుగా కొందరు, పాలగుండగా కొందరు గ్రహిస్తున్నారు. ఇవి రెండు వేరు వేరు ద్రవ్యాలు. నాల్గవది, తేనెను చల్లారిన తరువాతనే కలపవలెననే విధి. కాచిన తేనె హానికరమని సూత్రస్థానంలోనే నిషేధం ఉండుటవలన ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. కొలతలు గుర్తుంచుకొని క్రమాన్ని మరచిన గృహకల్పన శాస్త్రానుసారి కాజాలదు.

మాత్ర విషయంలో సంహిత చెంచాల లెక్క చెప్పలేదు. భోజనానికి అడ్డురానంత మాత్ర తీసుకొనవలెనని చెప్పినది. సేవించేవాని ఆకలియే కొలబద్ద అన్నమాట. ఆకలి మందగించినదంటే మాత్ర మించినదని అర్థం.

6. నామసందేహం

శాస్త్రం చెప్పిన ద్రవ్యం ఇంటికి చేరేది తెలుగుపేరు ద్వారా. ప్రమాదం పొంచి ఉండేది అక్కడనే. ఉసిరి అనే పేరు రాచ ఉసిరికీ, నేల ఉసిరికీ కూడ చేరి ఉన్నది; ఆమలకం మాత్రం ఈ రెండూ కాదు. బ్రాహ్మీ మండూకపర్ణులు అనేక ప్రాంతాలలో ఒకదానికొకటి పేరు మార్చుకొన్నవి. శంఖపుష్పి పేరుతో దేశంలో కనీసం మూడు మొక్కలు వాడుకలో కలవు; వాటిలో మన విష్ణుక్రాంత ఒకటి. ఉత్తరదేశంలో రాస్న ఒక మొక్క, దక్షిణదేశంలో మరొకటి. దక్షిణదేశపు రాస్నకు తెలుగులో గల 'దుంపరాష్ట్రం' అనే పేరులో ఆ సంస్కృతశబ్దమే వికారం చెంది నిలిచినది. సంస్కృతశ్లోకాలతో పాటు తెలుగును చేర్చిన బసవరాజీయం వంటి గ్రంథాలు ఈ సమన్వయానికి విలువైన సామగ్రి. వాటిలోని తెలుగు మూలికానామాలను మాండలిక భేదాలతో సేకరించడం భాషాపరిశోధకులు చేపట్టవలసిన కార్యం.

నిఘంటువులలోని పర్యాయపదాలు కేవలం ఛందస్సు కోసం కూర్చినవి కావు. అవి గుర్తింపు చిహ్నాలు. గుడూచికి 'ఛిన్నరుహ' అనగా కోసినా మరల మొలిచేది. 'చక్రలక్షణిక' అనగా అడ్డంగా కోస్తే చక్రంలోని ఆకుల వంటి రేఖలు కనిపించేది. 'కుండలి' అనగా చుట్టుకొని ప్రాకేది. 'అమృత' మాత్రం గుణాన్ని చెప్పే పేరు. రూపనామాలను, గుణనామాలను విడదీసి చదివితే శ్లోకం మొక్కల గుర్తింపు పట్టికగా మారుతుంది. అయినా ఈ లక్షణాలు ఒక్కటే జాతికి చెందిన దాయాదులను వేరు చేయడానికి చాలవు. టినోస్పోరా కార్డిఫోలియా తిప్పతీగ. టినోస్పోరా క్రిస్పా దానిని పోలినది, కాని కాండం మీద బుడిపెలు దట్టంగా ఉంటాయి.

7. హాని, నిషేధం

2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ సేవించిన ఆరుగురిలో కాలేయం దెబ్బతినడాన్ని గుర్తించి ప్రకటించినారు. 2022లో దేశంలోని పలు కేంద్రాల నుండి 43 మంది రోగుల వివరాలతో మరొక అధ్యయనం వెలువడినది. రోగులలో పలువురి లక్షణాలు దేహరక్షణవ్యవస్థ తన కాలేయం మీదనే తిరుగబడినపుడు కనిపించే వ్యాధిని పోలి ఉన్నవి. మూలిక గుర్తింపు సరిగా జరగలేదని, పోలికగల మరొక జాతి వాడబడి ఉండవచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ ఆక్షేపించినది. ఈ వివాదంలో ఏ పక్షం గెలిచినా గృహస్థునికి పాఠం ఒకటే. మూలిక వేరైతే గుర్తింపు ముఖ్యం. మూలిక అదే అయితే వ్యక్తి, మాత్ర, కాలం ముఖ్యం. కాలేయవ్యాధి గానీ, స్వదేహాన్ని బాధించే నిరోధక వ్యాధి గానీ ఉన్నవారు వైద్యుని అడగకుండ దీనిని సేవించరాదు.

సంహితలు ఈ జాగ్రత్తను ఎన్నడో చెప్పినవి. మూడవ పాదంలో పిప్పలిని రసాయనంగా కీర్తించిన చరకమే, విమానస్థానం మొదటి అధ్యాయంలో అతిగా వాడరాని మూడు ద్రవ్యాలలో పిప్పలిని మొదట పేర్కొన్నది. తక్కినవి క్షారం, లవణం. ఇది పూర్వాపరవిరోధం కాదు. నియత కాలంలో, నియత మాత్రలో, పాలు నెయ్యిల వంటి అనుపానంతో రసాయనం, నిత్యాభ్యాసంలో దోషకరం. నేటి పరిశీలన కూడ దీనికి సహాయపడుతుంది. మిరియాలలో, పిప్పళ్లలో గల పైపరిన్ ఇతర మందులు రక్తంలో చేరే పరిమాణాన్ని మార్చగలదు. అతిమధురాన్ని ఎక్కువకాలం వాడితే రక్తపుపోటు పెరిగి, పొటాషియం తగ్గుతుంది. అర్ధతుల తీపి చేరిన లేహ్యం మధుమేహికి పథ్యం కాదు. గర్భిణులకు, పసిపిల్లలకు, నిత్యం మందులు వాడేవారికి ఇంటి ప్రయోగం తగదు.

'పథ్యం' అనే మాట కూడ ఇక్కడ స్మరణీయం. తెలుగులో అది మానవలసినవాటి పట్టికగా మిగిలినది. సంస్కృతంలో అది దేహమార్గానికి హితమైనది; కరక్కాయకు 'పథ్య' అనే పేరు అందువలననే వచ్చినది.

8. ఉపసంహారం

పై విచారణ వలన తేలే అంశాలు ఇవి. రసాయనం ఆహారం, ఆచారం, ఔషధం కలిసిన మార్గం. ఒక సీసాలోని ద్రవం కాదు. వ్యాధిక్షమత్వం ఓర్పును చెప్పే పదం; అభేద్యమైన కవచాన్ని చెప్పేది కాదు. కషాయమనే తెలుగుమాట వెనుక అయిదు కల్పనలు, అయిదు బలాలు కలవు. మానం, క్రమం, నామం, పాత్రత అనే నాలుగింటిలో ఏది తప్పినా శాస్త్రవాక్యం శాస్త్రవాక్యంగా నిలువదు.

ప్రాచ్యకళాశాలలలో అమరకోశంలోని వనౌషధివర్గాన్ని కంఠస్థం చేయించే సంప్రదాయం కలదు. ఆ పాఠంతో పాటు ప్రతి పేరుకూ స్థానిక తెలుగునామం, వృక్షశాస్త్ర నామం, వీలైనచోట మొక్క కూడ చూపగలిగితే విద్యార్థికి శబ్దంతో పాటు అర్థం కూడ చేతికి వస్తుంది. ఇట్టి పనికి సమీపంలోని ఆయుర్వేద వైద్యుని, వృక్షశాస్త్ర అధ్యాపకుని సహకారం అవసరం. శ్లోకం అర్థం అడగడానికి వచ్చినవానికి అన్వయం చెప్పి, ప్రయోగానికి వైద్యుని వద్దకు పంపడం పండితుని ధర్మం. చికిత్సకు వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలను చెప్పిన సంహితను అనుసరించడం అంటే అదే.